సోల్వై టీచర్ చప్పట్లు

మా డేనిష్ వాళ్లకు మాటల్ని రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించడం సరదా. తీరా తగిలించాక సగం మింగేస్తారు. మా ఊరు రూద్‌కూబింగ్ బడిలో ఒకటో తరగతికి చెప్పే సోల్వైకి ఆ మింగడం చూస్తే ఒళ్లు మండేది. పొడుగు మాట వస్తే చాలు, ముక్కకోసారి పిల్లలందరి చేతా చప్పట్లు కొట్టించేది. చాలా ఏళ్ల కిందట ఒకసారి పండగ బన్ను పేరు పట్టుకుంది.

“ఫస్-త-లౌన్స్-బొ-ల్ల! నమలకురా యెప్పె, అదింకా నీ నోట్లోకి రాలేదు!”

బడి వెనకే మా ఇల్లు. ఆ గోలకు మా పిల్లి కూడా అలవాటు పడిపోయింది.

మొన్న మార్చిలో ఆమె భర్త తోర్కిల్ పోయాడు. సోల్వై ఏడవలేదు. పలకరించడానికి వెళితే నాకు కాఫీ పోసింది. కప్పు నిండి పొంగినా పోస్తూనే ఉంది. వేడి కాఫీ వేళ్ల మీద పడినా చెయ్యి తీయలేదు.

సమాధి దగ్గర తంతు ముగిశాక వచ్చినవాళ్లను కాఫీకి పిలవాల్సింది ఇంటివాళ్లే. పోయిన మనిషిని తలుచుకుంటూ అలా కూర్చోవడానికి మా దగ్గర ఓ పొడుగాటి మాటుంది, మిన్నెసమ్మెన్‌కొమ్స్ట్ అని. తోర్కిల్ చెల్లెలు గెర్డా ముందురోజే అంది, “నువ్వు కష్టపడకు వదినా, నేను పిలుస్తాలే.”

“ఆయన కోసం ఇక నేను చేసేది అదొక్కటే గెర్డా.” ఆయన పోయాక ఆ నాలుగు రోజుల్లో సోల్వై నోట నేను విన్నది అంతే.

శవపేటికను దించారు. సముద్రం మీంచి ఈదురుగాలి కొడుతోంది. సోల్వై ముందుకొచ్చి నోరు తెరిచింది. “అందరూ... మిన్...” అని ఆగిపోయింది. మళ్లీ “మిన్...” అంది. గెర్డా కదలబోతే కోటు పట్టుకుని ఆపాను.

“ఉండవే, నీ తొందర తగలెయ్యా!”

సోల్వై చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుంది. గట్టిగా చేతులు చరిచింది. “మిన్.” మళ్లీ చరిచింది. “నె.” శ్మశానంలో చప్పట్లేమిటని పాస్టరు ఉలిక్కిపడ్డాడు. మూడో దెబ్బకు గుంత పక్కనుంచి ఇంకో జత చేతులు కలిశాయి. యెప్పె! ఇప్పుడు మా ఊళ్లో సమాధులు తవ్వేది వాడే. పార కింద పెట్టి, ఒకటో తరగతిలోలాగే నిటారుగా నిలబడి కొట్టాడు. “సమ్-మెన్-కొమ్స్ట్.” చివరికి అందరం కొట్టాం, గెర్డా కూడా.

“...కి రండి,” అంది సోల్వై.

కాఫీకి అందరం చేరిన హాల్లో నేను చేసిన బన్ను ఆమె ముట్టలేదు. ఏడవనూ లేదు. అరచేతులు రెండూ బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“మంట పుడుతోందే,” అంది నాతో, ఆశ్చర్యంగా.