అవ్వ రెండోసారి చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పుడు నాకు మూర్ఛలు వచ్చేవి. తిరువళ్ళూరు పెద్దాసుపత్రి మాత్రలు రోజూ మా అవ్వే బెల్లం ముక్కతో మింగించేది. ఆ తర్వాత నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. రెండిట్లో ఏదీ ఒక్కరోజు కూడా మానలేదు, పాపం. ఏడాది తిరిగేసరికి మూర్ఛలు ఆగిపోయాయి.

మణవాళనగర్‌లోని మా చిన్న ప్రార్థన మందిరంలో, దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరికీ చెప్పేవాళ్ళం. దాన్నే సాక్ష్యం అంటాం. అవ్వ నన్ను పక్కన నిలబెట్టుకుని, దేవుడే బాగుచేశాడని కన్నీళ్ళతో చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. జనమంతా స్తోత్రం, స్తోత్రం అంటుంటే ఆమెకు ఊపొచ్చేసింది. "మందూ లేదు మాకూ లేదు, ఒట్టి ప్రార్థనే!" అనేసింది. నేను గబుక్కున తలెత్తి చూశాను. ఆమె నా భుజం నొక్కింది. నేను నోరు మూసుకున్నాను.

పక్కింటి అక్క కొడుక్కీ అదే జబ్బు. కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆమె కేకలు విని పరుగెత్తాం. పసివాడు నేలమీద కొట్టుకుంటున్నాడు, ఎంతకీ ఆగడం లేదు. రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పోతూ, "మాత్రలు యాడ పెట్టినావే?" అని అవ్వ అడిగింది.

"నిలిపేసినా అవ్వా. ఒట్టి ప్రార్థనే అని మీరే కదా చెప్పినారు! నాకు విశ్వాసం చాల్లేదేమో" అని ఆ తల్లి గుండెలు బాదుకుంది.

 నాకు ఆ అక్క ముఖం చూడాలంటేనే సిగ్గేసింది. నిజం తెలిసినదాన్ని నేనూ ఉన్నాను కదా, ఛ!

దేవుని దయ, బిడ్డ బతికాడు. డాక్టరు ఆ అక్కను తమిళంలో చెడామడా తిడుతుంటే అవ్వ అడ్డం పోయి, తప్పు తనదేనని చేతులు జోడించింది.

మరుసటి ఆదివారం ఎవరూ అడక్కుండానే లేచి నిలబడింది. "పోయిన తూరి నేను అబద్ధం చెప్పినాను. ఈ బిడ్డకు దినమూ మాత్రలు మింగించినాను. దేవునికి మహిమ తెస్తా ఉండాననుకుంటి. ఆయనకు నా అబద్ధం యాల?" అంది. ఒక్కరూ స్తోత్రం అనలేదు. పక్కింటి అక్క వైపు తిరిగి, "నీ విశ్వాసానికేం తక్కువ లేదమ్మా, నా నాలిక్కే బుద్ధి లేదు" అని ఏడ్చింది. చాపలో ముఖం దాచుకోవాలనిపించింది నాకు.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. సాక్ష్యం చెప్పడానికి లేస్తే ముందు నేను వేసుకునే మాత్రల సంగతి చెప్పి, తర్వాతే దేవుని మేలు చెప్తాను. ఈమెకు విశ్వాసం తక్కువని గొణిగేవాళ్ళున్నారు. గొణుక్కోనీ. కొట్టుకుంటున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, తన విశ్వాసాన్నే తప్పుపట్టుకున్న ఆ తల్లి ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.