బాయి విడిచాక కూడా బాయి తిండే

మొన్న ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా ఎక్కితే అరికాళ్లు చుర్రుమన్నాయి. నేను గెంతుకుంటూ దిగి వస్తుంటే మనవరాలు పకపకా నవ్వింది. నవ్వుకోనీ! మంట తెలియడం ఎంత భాగ్యమో దానికెలా చెప్పను? మా బావ కాలు గుర్తుకొచ్చి, అంత ఎండలోనూ నాకు ఒళ్లు జలదరించింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కొత్తగూడెంలో బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూంలో నాకు కొత్తగా పని దొరికి, అక్కా బావల క్వార్టర్‌లోనే ఉండేవాణ్ణి. బావ వయసంతా బాయి లోపలే గడిచింది. కింద ఒళ్లంతా చెమటై కారిపోతుంది కాబట్టి బాయి మనిషి ఉప్పు దండిగా తినాలన్నది మా కాలనీ ఇల్లాళ్లందరి నమ్మకం. అక్క ఆయన క్యారేజీలో ఆవకాయ కలిపిన అన్నం, దాని పక్కన ఎండుచేపలు పెట్టి, మజ్జిగలో మళ్లీ ఉప్పు వేసి మరీ పంపేది. లోపల నిప్పు వెలిగించకూడదు గనుక ఆయన దవడన ఎప్పుడూ పొగాకు ఉండేది.

కొన్నాళ్లకు ఆయన్ను పైకి తీసి సర్ఫేస్ డ్యూటీ ఇచ్చారు. ఇక గండం గడిచిందని అక్క భద్రాచలం వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చింది. కూర్చుని చేసే పని, చెమట పట్టేదే లేదు, అయినా క్యారేజీ మాత్రం మారలేదు. పైన అడిగేవాడు లేడు గనుక పొగాకుకు బీడీ కూడా తోడైంది. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసేది, కూర్చుంటే వదిలేసేది, అందుకని మా బావ నడవడమే మానేశాడు. కూర్చుంటే తగ్గిపోయేదీ ఒక నొప్పేనా అని మేమంతా తేలిగ్గా తీసుకున్నాం.

ఒకసారి దవాఖానాకు వెళ్తే డాక్టరమ్మ మాత్రం ఆ కాలు పట్టుకు చూసి నొసలు ముడిచింది. రక్తనాళాలు పూడుకుపోతున్నాయనీ, పొగాకు ఆ పూటే వదిలెయ్యాలనీ, ఉప్పూ నూనే తగ్గించి ఆకుకూరలూ పప్పులూ తినాలనీ, నొప్పి వస్తే ఆగి, తగ్గాక మళ్లీ నడవాలనీ, వినకపోతే కాలు దక్కదనీ చెప్పింది. మొండిఘటం మా బావ, గేటు దాటకముందే బీడీ వెలిగించాడు.

"ఇన్నేండ్ల సంది బాయిల నడిచినోణ్ణి, గిప్పుడు నాకు నడక నేర్పుతదా?" అన్నాడు.

ఆ మరుసటి ఎండాకాలం, కాలనీ అంతా పొయ్యి మీద ఉన్నట్టు ఉడికిపోతున్న రోజుల్లో, ఆయన కుడిపాదం చల్లగా ఉందని అక్క కనిపెట్టింది. నేనూ ముట్టుకుని చూశాను. పిక్క మీది వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరుస్తోంది. ఆ చల్లదనం తలచుకుంటే నాకిప్పటికీ భయమే. వాతం కమ్మిందని ఇరుగుపొరుగు అంటే, అక్క ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి మడమ కింద పెట్టింది. ఆయన అలాగే కునుకు తీశాడు. గుడ్డ కమిలిన వాసన వచ్చాక ఉరికి వచ్చి చూస్తే మడమంతా బొబ్బలెక్కి ఉంది, ఆయనకు చురుకైనా తగల్లేదు. ఆ పుండు మానలేదు, పైగా రోజురోజుకూ నల్లబడుతూ పైకి పాకింది. చివరికి ఖమ్మం తీసుకెళ్తే మోకాలి కింద తీసేశారు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా బాయిలో ప్రమాదమా అని అడిగేవారు, అక్క తల వంచుకునేది. ఒకనాడు వాళ్లు వెళ్లిపోయాక నాతో అన్నది:

"బాయి ఆయన్ని గోరు సుత ఊడకుండ ఇంటికి పంపింది తమ్మీ. కాలు ఇంట్ల పోయింది."

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. ఆ కాలనీ రోడ్డు మీద పొద్దున్నే బూట్లు తొడుక్కుని ఆడామగా నడుస్తున్నారు. మా రోజుల్లో నడకంటే డ్యూటీకి పోవడమే, ఒంటి కోసం నడిస్తే పనిలేనివాడనేవారు. వీళ్లను చూస్తే సంతోషం వేస్తుంది. కాలు తీసేశాక బతికినన్నాళ్లూ బావ చప్పిడి కూరలే తిన్నాడు. పళ్లెం తుడిచినట్టు ఖాళీ చేసి, బాగుందని కూడా అనేవాడు. అది వినలేక అక్క వంటింట్లోకి వెళ్లిపోయేది.