సాక్షిని అడుగు సారూ

హాలియా చర్చిలో మా స్త్రీల ప్రార్థన కూడిక నడిపిన పెద్దమ్మ, పాత నేరపరిశోధన సీరియల్ ఒకదాన్ని టీవీలో మళ్ళీ వేస్తుంటే మొదటినుంచీ చూసేది. తొలి భాగాల్లో ఇన్‌స్పెక్టర్ ఇంటింటికీ తిరిగి సాక్షులను అడిగేవాడు. రానురాను కథలు పలుచబడ్డాయి. దొరికినవాడి చెంప పగలగొడితే చాలు, నేరం ఒప్పేసుకునేవాడు. అప్పుడు పెద్దమ్మ తెరవైపు వేలు చూపి, "సాక్షిని అడుగు సారూ!" అని గద్దించేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఆమెను ఆపాడు.

"గా ఖూనీల సీరియల్ బందు చెయ్యమ్మా. లేకుంటే కూడిక ఇంకొకరు నడుపుతరు."

"మా తమ్ముణ్ణి సంపుతుంటే నేను చూసిన అయ్యా. ఒక్క పోలీసాయన నన్ను అడగలే. గా సీరియల్ల అడుగుతుంటే పానం నిమ్మళమైంది. ఇప్పుడు వాళ్ళు గూడ మానేసిండ్రు. నేనూ ఊకుంటే అడుగుమనెటోళ్ళు ఎవరు?"

"మరి కూడిక?"

"మీ ఇష్టం. దేవుడు నన్ను అడుగుతడు. ఆయనకు చెప్త."

కూడిక ఆమె చేతినుంచి పోయింది. ఆ వారం మేమంతా ప్రార్థనకు ఆమె ఇంటికే వెళ్ళాం. ఆమేన్ అన్నాక ఆమె టీవీ పెట్టింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తాడు. చాప మీదున్న ఆడవాళ్ళందరం ఒక్క గొంతుతో అరిచాం: "సాక్షిని అడుగు సారూ!"

అది ప్రార్థన కాదని ఏ పెద్ద చెప్పినా నేను ఒప్పుకోను.