కృష్ణమ్మకు రూపాయి

జబ్బుపడ్డ పిల్లల వైద్యానికి విరాళాలు పోగుచేద్దామని కాకినాడ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిలెక్కాను. నాగార్జునసాగర్ దాకా తొక్కాలి, అక్కడి నుంచి విజయవాడ దాకా కృష్ణలో తెడ్డు వేయాలి. ఆ నీళ్లను తలచుకుంటే, ఎల్బీ నగర్ చేరేసరికి నా గుండె చప్పుడులో పైన పోయే మెట్రో రైలు కూడా వినబడలేదు.

చౌరస్తాలో జామకాయలమ్మే ముసలమ్మ నా వెనక కట్టిన గాలిపడవను చూసి ఆపింది. సంగతంతా విని విరాళాల డబ్బాలో నోటు వేసింది. తర్వాత కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల ఇచ్చింది. అదీ డబ్బాలో వేయబోతే చెయ్యి పట్టుకుంది.

"గది పిల్లలకు గాదు కొడకా, కృష్ణమ్మకు! బస్సుల పోయేటోళ్లే వంతెన మీదికెల్లి ఏస్తరు. నువ్వు నీళ్లల్లనే పోతున్నవ్, ఊకెనే పోతవా?"

గోదావరి వంతెన మీద మేమూ వేస్తాం. కానీ నేనింకా నీళ్లు చూడకముందే నా తరఫున నదికి లంచం వెళుతోందంటే, గుండె జారి పెడల్ మీద పడింది.

"ఈతొస్తదా?" అంది.

"కొంచెం వచ్చండి," అన్నాను. ఆ కొంచెం కూడా కాకినాడ బీచిలో మోకాలి లోతు దాకానే.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కొంగుముడి మళ్లీ విప్పి, ఇంకో రూపాయి నా చేతిలో పెట్టింది.