సార్ హాజరులో నా పేరు

మా కోచ్ సార్ చనిపోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. కాజీపేట చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. అందులో సార్ మెడలో విజిల్ వేసుకుని నవ్వుతున్నారు. నాకు తెలిసి సార్ ఎన్నడూ అట్లా నవ్వలేదు, అది వేరే సంగతి. ఆయన బొమ్మ కింద పాత ఫుట్‌బాల్ జట్టు వాళ్ళందరి ఫొటోలు వరసగా వేశారు. ఒక్క ఏడాది ఆడి మానేసినవాడి ఫొటో ఉంది. బంతుల సంచి మోసినవాడి ఫొటో కూడా ఉంది. మూడేళ్ళు గోల్ కాపాడిన నా ఫొటో లేదు.

జట్టు వాళ్ళకు వాట్సాప్ గ్రూప్ ఒకటి ఉందని కూడా ఆ రోజే తెలిసింది. నన్ను వదిలేయడం వాళ్ళకు కొత్త కాదు. సార్ రిటైరైనప్పుడు సన్మానం చేసి నన్ను పిలవలేదు. మా కెప్టెన్ కూతురి పెళ్ళికార్డు మా పక్కింటికి వచ్చింది, మా ఇంటి గడప తొక్కలేదు. నేనివేవీ మరిచిపోలేదు. మరిచిపోయేవాణ్ణయితే ఇది రాసేవాణ్ణి కాదు.

ఫ్లెక్సీ పక్కనే ఉన్న ఛాయ్ బండి దగ్గర ఇద్దరు సార్ గురించే వాదులాడుకుంటున్నారు.

"దేవునసొంటి మనిషి పోయిండన్నా. ఆయన లేకుంటె మా తమ్మునికి నౌకరి వచ్చేదా?"

"ఏం దేవుడే? బయటి పిలగాన్ని తెచ్చి దొంగాట ఆడిచ్చిండు. గెలిచిన కప్పు మల్ల గుంజుకపోయిన్రు, మర్శినవా?"

"ఒక్కసారి గదనే!"

"ఒక్కసారి దొరికిండు."

"సచ్చిన మనిషిని గట్లనకు. జర సోయి ఉండాలె."

"లేనిది అన్ననా? అయినా ఆయనను పట్టిచ్చింది ఆ గోల్‌కీపర్. ఓర్వలేక లేశి మొత్తుకున్నడు, గంతే."

ఆ గోల్‌కీపర్ నేనే. ఛాయ్ పూర్తిగా తాగి, గ్లాసు బండి మీద పెట్టి వచ్చేశాను. వాళ్ళతో నాకు పని లేదు. నాకు జవాబు చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

జరిగింది ఇది. నేను డిగ్రీ చదివే రోజుల్లో సార్ పొద్దు పొడవకముందే గ్రౌండ్‌లో హాజరు తీసుకునేవారు. చేతిలో కాగితం ఉండేది కాదు. గోల్‌కీపర్‌తో మొదలుపెట్టి, వెనక నుంచి ముందుకు ఎవరు ఎక్కడ ఆడతారో ఆ వరసలోనే పేర్లు పిలిచేవారు. అంటే మొదటి పేరు నాదే. పేరు పిలిచి ఆయన విజిల్ నోట్లో పెట్టుకునేలోపు "ఉన్న సార్" అనాలి. అనకపోతే ఊపిరి అందనంతదాకా గ్రౌండ్ చుట్టూ ఉరకాలి. "పేరు పిలిస్తె పలకనోడు బంతి వస్తె ఏం పడ్తడురా" అనేవారు.

ఆ అలవాటు మా ఒంట్లోకి ఎంతగా దిగిందంటే, ఇంట్లో నాయిన పిలిచినా నేను "ఉన్న సార్" అని లేచి నిలబడేవాణ్ణి. "బువ్వ తిందువు రారా అంటె సారంటవేందిరా" అని నాయిన నవ్వేవాడు.

సార్ కొట్టేవారు. విజిల్ తాడుతో పిక్కల మీద కొట్టేవారు, వాతలు తేలేవి. ఇప్పుడు కొందరు ఆ దెబ్బలను కూడా ప్రసాదంలా చెప్పుకుంటున్నారు. నేనట్లా చెప్పను, దెబ్బ దెబ్బే. కాని అదే సార్ ప్రాక్టీసు కాగానే మమ్మల్ని ఇంటికి తీసుకుపోయేవారు. మేడం గిన్నె నిండా గుడ్లు ఉడకబెట్టి ఉంచేది. "గోలోనికి ఇంకోటి ఎక్కువెయ్యి, వాడు ఒక్కడే నిలబడ్తడు" అనేవారు సార్. మా నాయిన లోకోషెడ్డులో జారిపడి కాలు విరిగినప్పుడు, మా అమ్మను దవాఖానకు రోజూ తన స్కూటర్ మీద దింపింది ఆయనే. ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఈ రెండూ ఒకే మనిషి చేతులు. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేవాళ్ళతో నాకు పడదు.

నా చివరి ఏడాది ఇంటర్ కాలేజీ టోర్నమెంట్ సెమీఫైనల్లో నా కుడిచేతి చూపుడువేలు విరిగింది. మాకు ఇంకో గోల్‌కీపర్ లేడు. ఫైనల్ రోజు పొద్దున సార్ డోర్నకల్ నుంచి ఒక పిలగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. రైలు పట్టాల పక్క గ్రౌండ్లో ఆడి పెరిగినవాడు, చేతులు చేటలంత. మా కాలేజీ మొహం అంతకుముందెన్నడూ చూడలేదు.

"నీ పేరు మీద వీడు ఆడ్తడు. నువ్వు బెంచీ మీద కూసో" అన్నారు సార్.

"నేనే ఆడ్త సార్."

ఆయన నా చెయ్యి పట్టుకుని వాచిన వేలిని మెల్లగా నొక్కారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బంతి ఇంతకన్న గట్టిగ తాకుతది బిడ్డా" అన్నారు. అని, తన చేతిరుమాలు చింపి వేలికి కట్టు కట్టారు.

ఆట మొదలయ్యే ముందు అధికారి ఒకాయన రెండు జట్లనూ వరసగా నిలబెట్టి పేర్లు పిలిచాడు. మా జట్టులో ముందు నా పేరే. డోర్నకల్ పిలగాడు ఆ పేరుకు అలవాటు పడలేదు, వంగి బూటు దారం కట్టుకుంటున్నాడు. ఒక్క క్షణం ఎవరూ పలకలేదు. ఆ క్షణంలో బెంచీ మీద నా కాళ్ళు వాటంతటవే లేచాయి. "ఉన్న సార్!" అన్నాను, గ్రౌండ్ మొత్తం వినబడేట్టు. అప్పటికి తెలివి తెచ్చుకుని డోర్నకల్ పిలగాడు కూడా చెయ్యెత్తాడు. ఒక పేరుకు ఇద్దరు పలికారు. అవతలి జట్టు కోచ్ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆట ఆడాం, గెలిచాం. ట్రాలీ ఆటోలో కప్పు పెట్టుకుని హనుమకొండ అంతా తిరిగాం. నాలుగు రోజులకే ఫిర్యాదు పడింది, విచారణ జరిగింది, కప్పు వాపసు పోయింది. స్పోర్ట్స్ కోటాలో మా కెప్టెన్‌కు రావాల్సిన రైల్వే ఉద్యోగం కూడా దాంతోపాటే పోయింది. నేను కుళ్ళుతో కావాలనే లేచి అరిచానని అందరూ తీర్మానించారు. పేరు పిలిస్తే పలకమని మూడేళ్ళు నేర్పింది ఎవరో ఒక్కరికీ గుర్తు రాలేదు.

కప్పు వాపసు పోయిన మర్నాడు పొద్దున గ్రౌండ్‌కు వెళ్ళాను. సార్ హాజరు రెండో పేరుతో మొదలుపెట్టారు.

వేలు విరిగిందని నన్ను వదిలేశారా, ద్రోహం చేశానని వదిలేశారా? సాయంత్రం ఆయన ఇంటికి పోయాను. సార్ గుమ్మంలో నిలబడి, "ఏలు ఎట్లున్నదిరా?" అన్నారు. "మంచిగనే ఉన్నది సార్" అన్నాను. ఆయన ఇంకేమన్నా అడుగుతారని నిలబడ్డాను. అడగలేదు, కాబట్టి నేను చెప్పలేదు. ఆ తరువాత బజార్లో ఎదురుపడినా, రైలు స్టేషన్లో కనబడినా అదే ప్రశ్న: "ఏలు ఎట్లున్నదిరా?" ముప్ఫై ఏళ్ళు దాటినా మా మధ్య ఆ ఒక్క వేలు తప్ప ఇంకో మాట లేదు. నేను కావాలని చేశానని ఆయన నమ్మారో లేదో నాకు తెలియకుండానే పోయారు.

పిలవకపోయినా సార్ అంత్యక్రియలకు వెళ్ళాను. చర్చిలో ప్రార్థన అయ్యాక సార్‌ను కాసేపు కాలేజీ గ్రౌండ్‌కు తెచ్చారు. నెక్కొండ నుంచి, డోర్నకల్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తల నెరసినవాళ్ళు చిన్నపిల్లల్లా ఏడుస్తున్నారు. ఆయన చేతి దెబ్బలకు ఆట మానేసినవాడొకడు కూడా వచ్చి, దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేను గోల్‌పోస్టు దగ్గర నిలబడ్డాను. అది నా చోటు. మేడం దూరం నుంచే గుర్తుపట్టి, "గోలోడా, వచ్చినవా బిడ్డా" అని చెయ్యి ముందుకు చాచింది. ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.

శవపెట్టె లేపే ముందు కెప్టెన్ ముందుకొచ్చాడు. చివరి రోజుల్లో దవాఖానలో సార్ పక్కన కూర్చున్నది వాడే.

"పాస్టర్ గారూ, జర ఆగుండ్రి. సార్ నేర్పినట్టే తీస్కపోతం. పేరు పిలుస్త, పలికినోడు వచ్చి పట్టాలె."

వాడి చేతిలోనూ కాగితం లేదు. ఏ పేరుతో మొదలుపెడతాడో నాకు తెలుసనుకున్నాను. గోల్‌పోస్టును గట్టిగా పట్టుకున్నాను. రెండో పేరు వినడానికి సిద్ధపడి ఉన్నాను.

వాడు నా పేరు పిలిచాడు.

డోర్నకల్ అతను కూడా అక్కడే ఉన్నాడు, పొట్ట పెరిగింది, కళ్ళద్దాలు వచ్చాయి. ఈసారి అతను బూటు చూసుకోలేదు, తిరిగి నా వైపు చూశాడు. కెప్టెన్ నోరు మూతపడకముందే నేను పలికాను.

"ఉన్న సార్!"

ఎవరూ నవ్వలేదు. నేను వెళ్ళి తల వైపు పిడి పట్టుకున్నాను. మిగతా పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు, ఒక్కొక్కరే వచ్చారు. పోయినవాళ్ళ పేర్లకు ఎవరూ పలకలేదు, అయినా విజిల్ నోట్లో పెట్టుకునేంతసేపు ఆగాడు. పెట్టె లేపినప్పుడు అప్పుడు విరిగి వంకరగానే అతుక్కున్న నా వేలు పిడి చుట్టూ ముడుచుకోలేదు. డోర్నకల్ అతను వెనక నుంచి వచ్చి నా చేతి కింద తన చెయ్యి పెట్టాడు. సమాధుల తోట దాకా అట్లాగే నడిచాం. పిడికెడు మట్టి వేశాను. "ఏలు మంచిగనే ఉన్నది సార్" అని లోపల అనుకున్నాను.

గేటు దగ్గర కెప్టెన్‌ను ఆపాను.

"నా పేరు పిలువుమన్నది ఎవలు? సారా, నువ్వా?"

"గవన్ని ఇప్పుడెందుకురా."

"నాకు కావాలె."

"పలికినవ్, పట్టినవ్. సార్‌ను మంచిగ సాగనంపినం. ఇగ అయిపాయె."

"నాకు అయిపోలె."

వాడు కండువాతో మొహం తుడుచుకుని కారెక్కాడు. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూశాడు, జవాబు లేదు. ఆ వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం నన్ను చేర్చారు. అందులో రోజూ సార్ ఫొటోలు, చేతులు జోడించిన బొమ్మలు వస్తున్నాయి. నాకు కావలసింది అవి కాదు.

నా పేరు సార్ చెప్పి ఉంటే, నేను ద్రోహిని కాదని ఆయనకు తెలుసన్నమాట. ఆ ఒక్కటి తెలిస్తే ఈ ఫిర్యాదులన్నీ నేను వాపసు తీసుకుంటాను, పెళ్ళికార్డుతో సహా. అట్లా కాక, కెప్టెన్, నువ్వే జాలిపడి కలుపుకుని ఉంటే, చెయ్యని తప్పుకు నీ క్షమాపణ నాకక్కర్లేదు. పేరు పిలిచిన రెండుసార్లూ నేను పలికాను కెప్టెన్. ఇప్పుడు పిలుస్తున్నది నేను. దవాఖాన మంచం మీద సార్ నా పేరు చెప్పారా, లేదా? పలుకు.