ముప్పై బండల నడిల్లు

మొన్న తాండూరులో మా ఇంటి నడింట్లో బండలు పీకడం మొదలుపెట్టారు. టైల్స్ వేయిద్దామని కొడుకు ఏడాదిగా అంటుంటే ఏదో ఒక సాకు చెప్పి దాటవేస్తూ వచ్చాను గానీ, చివరికి మేస్త్రీ రానే వచ్చాడు. పాత బండల మీద చెంబెడు నీళ్ళు పోసి చూశాడు. అవి మోరీ తూము వైపు పోకుండా తాపీగా ఎదురు మూలకు నడిచి మడుగు కట్టడంతో ఆయనకు నవ్వాగలేదు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నలభై ఏళ్ళుగా ఆ మూలను చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే.

నేను ఫౌజులో చేరిన కొన్నాళ్ళకు మా దళాన్ని మంచుకొండల మీది ఒక పోస్టుకు పంపారు. అప్పట్లో పనిచేసినవాళ్ళకు ఆ బతుకు గురించి వేరే చెప్పనక్కర్లేదు. రెండు గంటల పహరా, కాసేపు నడుం వాల్చడం, మళ్ళీ పహరా. తాగే నీళ్ళు కావాలంటే మంచు తవ్వి తెచ్చి స్టవ్వు మీద కరిగించుకోవాలి. మా కందిపప్పు రెండు పొంగులకే వెన్నలా ఉడుకుతుందని గొప్పలు చెప్పి ఇంటి నుంచి ఒక సంచి మోసుకుపోయాను. ఆ ఎత్తులో అది పొద్దంతా ఉడికినా గులకరాళ్ళలాగే మిగిలింది. పంజాబీ హవల్దారు ఒక గింజను కొరికి చూసి, ఇది పప్పా, మీ తాండూరు బండా అని అడిగాడు. ఆ చలికాలమంతా నన్ను ఆ పేరుతోనే పిలిచారు.

ఆయన అన్నదాంట్లోనూ నిజం లేకపోలేదు. నా మనసు నిండా బండలే ఉండేవి. మా నడిల్లు అప్పుడు మట్టినేల. వాన పడితే చెమ్మ పైకి ఎక్కేది, ఆ చెమ్మకు మా అమ్మకు దమ్ము ఎగబాకి ఊపిరాడేది కాదు. ఇంకో వానాకాలం ఆ తడి నేల మీద గడిపితే మనిషి దక్కడం కష్టమని డాక్టరు చెప్పాడు. మిరుగం లోపల, అంటే తొలకరి వానలు పడకముందే, సెలవు మీద వచ్చి నడింట్లో బండలు పరుస్తానని అమ్మకు మాటిచ్చాను. గది కొలతలు నాకు కంఠతా వచ్చు: సరిగ్గా ముప్పై బండలు. పహరా కాస్తూ రోజుకొక బండ చొప్పున మనసులోనే పరిచేవాణ్ణి. మొరం కొట్టి, రసమట్టం పెట్టి, నీళ్ళు మోరీకి పారేలా వాటం చూసి, సందులు పూడ్చేసరికి నెల గడిచేది. సెలవు ఇంకా దూరంగానే ఉండేది కాబట్టి, అన్నీ పీకేసి మళ్ళీ మొదటి బండ దగ్గరికి వచ్చేవాణ్ణి.

ఎట్టకేలకు సెలవు మంజూరైంది. ట్రంకు పెట్టె సర్దుకున్నాను. తెల్లవారితే దిగిపోతాననగా సెలవులన్నీ రద్దయ్యాయి, మమ్మల్ని ఇంకా పైకి పొమ్మన్నారు. ఈ వానాకాలం లోపల రాలేనని ఇంటికి ఉత్తరం రాశాను. వానలు మొదలయ్యాక నా భార్య దగ్గర నుంచి జవాబు వచ్చింది. అందులో మూడే ముక్కలు: "అందరం మంచిగున్నం. అత్తమ్మకు దమ్ము తగ్గింది. నువ్వు ఇంటి ఫికర్ పెట్టుకోకు." వానాకాలంలో దమ్ము తగ్గడమేమిటో నాకు అంతుపట్టలేదు. అమ్మ పోయిన సంగతిని దాస్తున్నారేమోనని ఎన్నో రాత్రులు భయపడ్డాను.

కంది పూతకొచ్చిన రోజుల్లో గానీ నాకు సెలవు దొరకలేదు. వికారాబాద్ జంక్షన్ నుంచి రైలు మా తాండూరు వైపు మళ్ళిందంటే ఇక సీటులో కూర్చోలేను, ట్రంకును ముందేసుకుని తలుపు దగ్గరే నిలబడతాను. ఇంటికి చేరి, బూట్లు విప్పి లోపల అడుగు పెడితే అరికాళ్ళకు చల్లగా రాయి తగిలింది. అమ్మ ఆ బండల మీదే కూర్చుని, దగ్గు ఊసే లేకుండా చిక్కుడుకాయలు తుంచుతోంది. ఇరవై రెండేళ్ళ నా భార్య పాలిషు మిల్లు నుంచి ఎడ్లబండి మీద బండలు తెచ్చుకుని, వాడకట్టులోని ముసలి మేస్త్రీని అడిగి పని తెలుసుకుని, చేను నుంచి వచ్చాక రోజుకు రెండు చొప్పున మిరుగం లోపలే ముప్పై బండలూ పరిచేసిందట. నేను కొండ మీద మనసులో పరిచిన నేలను ఆమె చేతులతో పరిచింది. అంతటి మనిషి ముందు ఆరోజు నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

మర్నాడు ఇల్లు కడుగుతుంటే వాటం తప్పిన సంగతి బయటపడింది. నాలుగు బండలు లేపి సరిచేస్తే చాలు. కానీ సెలవు రోజులు ఎట్లా కరిగిపోతాయో మీకు తెలియనిదా, వచ్చేసారి చేస్తానని చెప్పి వెళ్ళిపోయాను. అప్పటి నుంచి నా ప్రతి ఉత్తరంలోనూ ఆ మూల ప్రస్తావన ఉండేది, ప్రతి సెలవూ ఆ మూలను ముట్టకుండానే గడిచేది. రిటైరయ్యాక చేయకపోవడానికి మాత్రం నా బద్ధకం తప్ప వేరే కారణం లేదు.

మొన్న వచ్చిన మేస్త్రీ ఆ ముసలి మేస్త్రీ కొడుకే. ఇది పూట పని, ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నారని అడిగాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న నా భార్య చెప్పిన మాట నేనూ అప్పుడే విన్నాను.

"మీ నాయిన అప్పుడే చేసిస్తనన్నడు, నేనే వద్దన్న. ఈయన రాసే ప్రతి ఉత్తరంల గా మూల సంగతే ఉంటుండె. గా మూల సరైతే, గా మంచుల ఈయన దేన్ని తల్చుకుంట దినాలు ఎల్లదీస్తడు?"

నలభై ఏళ్ళు ఆమెను ఆటపట్టించిన నోరు నాది.

మా మనవడు కూడా ఇప్పుడు ఫౌజులోనే, అలాంటి కొండల మీదే ఉన్నాడు. సాయంత్రం ఫోనులో కనిపిస్తే కొడుకు వాడికి టైల్స్ అన్నీ తిప్పి తిప్పి చూపించాడు. వాడు బాగున్నాయని అంటూనే, కాస్త చిన్నబోయిన మొహంతో, "నేనొచ్చేటాలకు అంత అయిపోతది కద నానమ్మా" అన్నాడు. మా రోజుల్లో కొండ మీద మాకు పక్షానికొక ఉత్తరం వస్తే పండుగ, ఇంటిని ఊహించుకుంటూ బతికేవాళ్ళం. వీళ్ళకు ఇల్లు రోజూ కంటికి కనిపిస్తుంది, చేతికి మాత్రం అందదు. రెండింటిలో ఏది కష్టమో నేను చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే నా భార్య మేస్త్రీతో వెనక గుమ్మం దగ్గరి వరుస వేయొద్దని చెప్పింది. దాన్ని మనవడు వచ్చి తన చేత్తో వేస్తాడట, వాడి సెలవుకు ఇంకా నలభై రోజులుంది. అంతవరకు ఇంటిల్లిపాదీ ఆ వరుసను దాటుకుంటూ నడవాలి. నిన్న నేను తట్టుకుని పడబోయాను, ఇవాళ కాస్త పెద్ద అడుగు వేసి దాటాను.