గుమ్మం కనబడాలంటే ముదురు నీలం

2023 వేసవి. యానాంలో ఇళ్లకు రంగులు వేయించే కాంట్రాక్టు పని నాది. మెట్టకూరులో లెక్కల ట్యూషన్ చెప్పే గ్రేస్ టీచరు గారు రమ్మంటే వెళ్లాను. హాలంతా తెలుపే. గోడలు, గుమ్మాలు, స్విచ్‌బోర్డులు, అన్నీ.

"గోడలకి ముదురు నీలం వెయ్యండి. నలుపుకి దగ్గరగా ఉన్న షేడ్" అన్నారామె.

భర్త డేవిడ్ గారు అడ్డొచ్చారు. "అసలే తనకి చూపు తగ్గిపోతోందండి. ఇంక మెరుగవదని డాక్టరు గారు చెప్పేశారు. ఇప్పుడు ఇల్లంతా చీకటి చేసుకుంటానంటదేంటండీ?"

నాకూ ఆయన మాటే సబబనిపించింది. ముదురు రంగు వెలుతురును మింగేస్తుందని చెప్పాను.

టీచరు గారు లేచి వంటగది వైపు నడిచారు. భుజం గుమ్మానికి తగిలింది.

"చూశారా? తెల్ల గోడలో తెల్ల గుమ్మం కలిసిపోతోంది నాకు. గోడ ముదురుగా ఉంటే గుమ్మం తేలుతుంది. ట్యూషన్ మానెయ్యమంటున్నారీయన. నేను మాననండి."

ఒక చెక్కకు ఆ నీలం పూసి, ఆరాక దాని మీద తెల్ల స్విచ్ ఒకటి పెట్టి చూపించాను. తడుముకోకుండా నేరుగా దాని మీదే వేలు పెట్టారు.

"ఆయ్, వేసేద్దామండి" అన్నాను.

వెలుతురు కోసం పైకప్పును తెల్లగానే ఉంచాను. మెరిసే రంగు ఆమె కళ్లకు గుచ్చుకుంటుంది కనుక మ్యాట్, అంటే మెరుపు లేని రకం ఎంచుకున్నాను. కానీ గోదావరి పక్కన మా గోడల్లో చెమ్మ ఎక్కువ. ఆ చెమ్మతో గోడలోంచి ఉప్పు పైకొస్తుంది. తెలుపు మీద ఎవరికీ కనబడని ఆ ఉప్పు, నీలం ఆరేసరికి తెల్లటి మచ్చలై పైకి తేలింది. టీచరు గారు ఒక మచ్చను స్విచ్‌బోర్డనుకుని చెయ్యి చాచారు.

"చాలండి, మళ్లీ తెలుపు కొట్టేయండి" అన్నారు డేవిడ్ గారు.

"వద్దు. గోకించి మళ్లీ వెయ్యండి. అందాకా ట్యూషన్ పిల్లల్ని వరండాలో కూర్చోబెడతాను" అన్నారామె.

ఈసారి ప్లాస్టరింగు దాకా గోకించాను. కిటికీలు తెరిచి గోడలు పూర్తిగా ఆరనిచ్చాను. చెమ్మను ఆపే ప్రైమర్ వేశాకే నీలం ముట్టుకున్నాం.

పని పూర్తయ్యాక టీచరు గారు హాలు మధ్యలో కాసేపు నిలబడ్డారు. తర్వాత మామూలు నడకతో వెళ్లి, ఎక్కడా తగలకుండా గుమ్మం దాటారు. తిరిగొచ్చి ఫ్యాను వేశారు. డేవిడ్ గారు కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"బెడ్‌రూం ఎప్పుడు మొదలెడతారండీ?"

ఆమె చూపేమీ పెరగలేదు. ట్యూషన్ మాత్రం ఆ హాల్లోనే నడుస్తోంది. ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్లినా ఏ రంగు కావాలని ముందుగా అడగను. ఈ గదిలో మీకేది కష్టంగా ఉందని అడుగుతాను.